పాదసేవనము, సఖ్యము: మేజోళ్లల్లినవారి చరిత్రము

భాగవతమున ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది విధముల భక్తిలో శ్రవణము మొదటిది, పాదసేవనము నాలుగవది, సఖ్యము ఎనిమిదవది. ఈ మూడును భగవంతుని గూర్చి చెప్పబడినవి. అయితే మానవులు సాటి మానవులకొఱకు పాదసేవ చేసి, ఆ సేవలో తమలో తాము సఖులైన చరిత్ర యొకటి లోకమున గలదు. అది మేజోళ్లు అల్లినవారి చరిత్ర. రాజుల పేరులును, సేనాపతుల పేరులును, యుద్ధములు జరిగిన తేదీలును చరిత్రగ్రంథములలో నిండుగా దొరకును. ఆ యుద్ధములలో నడచిన పాదములకు మేజోళ్లు ఎవరు అల్లిరి, ఏ వేళలందు అల్లిరి, ఎవరి ప్రక్కన కూర్చుండి అల్లిరి అను సంగతి గ్రంథపు అంచులలో మాత్రమే కనబడును. లెక్కలు వ్రాయువానికి అంచులలోని పద్దులమీద చూపు నిలుచుట సహజము. అందుచేత ఈ రజతోత్సవ సంచికలో ఆ పద్దునే చదువరుల ముందుంచుచున్నాను.

మనది వేడిదేశము. మన తాతలకు మేజోడుతో పనిలేదు. వారు వాకిట చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని లోనికి వచ్చినవారు. నేటికిని మన పల్లెలలో మేజోడనగానే బడిపిల్లల దుస్తులే తలపునకు వచ్చును. చలిదేశములందు అది వట్టి వేషము కాదు. మంచునీట తడిసిన కాలు ఆరనిచో రక్తప్రసారము తగ్గును, చర్మము చెడును, ముదిరినచో వ్రేళ్లనే తీసివేయవలసి వచ్చును. గొఱ్ఱెబొచ్చుతో వడికిన ఊలునకు ఒక మంచిగుణము కలదు. అది తడిసినప్పుడు సైతము కొంత వెచ్చదనమును నిలుపుకొనును. కావున ఊలు మేజోడు అచ్చటి పేదవానికి కప్పుకొను కంబళివంటిది.

దానిని చేతితో అల్లు విధము తెలిసినగాని ఈ చరిత్ర తెలియదు. రెండు కొనలును మొనదేలిన సన్నని సూదులు నాలుగుగాని అయిదుగాని కావలెను. ఊలుదారమును ఉచ్చులు ఉచ్చులుగా ఆ సూదులకెక్కించి, ఒక ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చును లాగుచు గుండ్రముగా తిరుగవలెను. పిక్కనుండి చీలమండ వఱకు మేజోడు గొట్టమువలె దిగును. అంతవఱకు పని సులభము. మడమకడకు వచ్చుసరికి సగము ఉచ్చులను ప్రక్కన నిలిపి, మిగిలిన సగముతో ముందునకును వెనుకకును పోవుచు చిన్న దొప్పవంటిదానిని కట్టవలెను. మడమ ఆ దొప్పలో కూర్చుండును. ఇచ్చట లెక్క తప్పిన మేజోడంతయు తప్పును. పిదప పాదము పొడవున సాగి, వ్రేళ్లకడ ఉచ్చులను క్రమముగా తగ్గించి మూయవలెను. అతుకు ఉబ్బెత్తుగా నిలిచినచో నడచువాని వ్రేళ్లు బొబ్బలెక్కును. అందుచే అతుకు తెలియకుండ మూయు పద్ధతి యొకటి కలదు. దానికి బ్రిటిషు యుద్ధమంత్రి కిచెనర్ ప్రభువు పేరు అంటినది. ఆ పద్ధతిని ఆయనయే చెప్పెనని ప్రతీతియే గాని దానికి గట్టి ఆధారము లేదు.

ఇంకొక మాట. మేజోడు అను పేరులోనే జోడున్నది. ఒంటి మేజోడు ఎవరికిని అక్కఱకు రాదు. మొదటిదానిని ముగించిన చేయి అదే లెక్కతో రెండవదానికి పూనుకొనవలెను. ఓర్పులేనివారికి ఈ పని పొసగదు.

కాలికి ఊలు తొడుగు అల్లుకొనుట ప్రాచీనమైన విద్య. ఈజిప్టు దేశమున ఆక్సిరింకస్ అను ప్రాచీన నగరపు త్రవ్వకములలో దొరకిన ఎఱ్ఱని ఊలు మేజోళ్లు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో నున్నవి. అవి క్రీస్తుశకము మూడవ శతాబ్దికిని అయిదవ శతాబ్దికిని నడుమ చేయబడినవని పండితులు నిర్ణయించిరి. చెప్పు వారు పట్టుటకు వీలుగా వాని బొటనవ్రేలి చోటు వేఱుగా చీల్చబడియున్నది. అవి ఒంటిసూదితో చేసినవి. ఇంతకుముందు చెప్పిన అల్లిక తరువాతి శతాబ్దులలో వ్యాపించినది. 1589లో ఇంగ్లండులోని కాల్వర్టన్ గ్రామమునకు చెందిన విలియం లీ అను నతడు మేజోళ్లు అల్లు యంత్రమును కల్పించెను. యంత్రము పుట్టిన తరువాత చేతి అల్లిక అంతరించవలసినదే. కాని అంతరించలేదు. ఏలయన అది వస్తువును మాత్రమే గాక కూటమిని గూడ పుట్టించినది.

ఇంగ్లండు ఉత్తరభాగమున కొండలనడుమ డెంట్ అను చిన్న ఊరు గలదు. అచ్చటి స్త్రీలు, పురుషులు, పిల్లలు అందఱును మేజోళ్లల్లి అమ్ముకొని జీవించెడివారు. వారి వేగమును చూచి లోకులు వారిని డెంట్ ఊరి భయంకరపు అల్లికవారు అని పిలిచిరి. అది నిందగాదు, మెచ్చుకోలు. శీతకాలపు రాత్రులందు ఇరుగుపొరుగువారు వంతులవారీగా ఒక్కొక్క ఇంట చేరెడివారు. ఒక్క పొయ్యిమంటయే అందఱికిని వెచ్చదనము, ఒక్క దీపమే అందఱికిని వెలుగు. విలియం హోవిట్ అను రచయిత 1838లో ప్రకటించిన గ్రంథమున ఆ కూటములను వర్ణించెను. దేహములను లయగా ఊపుచు, చేతులాడించుచు, పాతకథలు చెప్పుకొనుచు వారు రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు అల్లెడివారట. అయినను అంతయు వేడుకయే యనుకొనరాదు. ఆ ఊరికి అల్లిక నేర్వబోయిన ఇద్దరు పసిబాలికలు ఎడతెగని పనిని ఓర్వలేక కొండలు దాటి ఇంటికి పాఱిపోయిన కథను సదీ అను కవి తన గ్రంథమున చేర్చెను. కడుపుకొఱకు చేయు పనిలో చెలిమియు నుండును, అలసటయు నుండును.

గ్రంథాలయ సంచికను చదువువారికి ఐస్‌లాండు ముచ్చట మఱింత ప్రియమగును. అది ఉత్తర అట్లాంటిక్ సముద్రమున నున్న ద్వీపము. శీతకాలమున పగలు కొద్దిగంటలే. పొలము పనులుండవు. ఆ దీర్ఘరాత్రులలో ఇంటిల్లపాదియు ఒకే గదిలో చేరి, కొందఱు ఊలు చిక్కుతీయగా, కొందఱు వడుకగా, కొందఱు మేజోళ్లు అల్లగా, ఒకరు దీపముకడ కూర్చుండి ప్రాచీన వీరగాథలను బిగ్గరగా చదివెడివారు. ఈ సాయంకాలపు కూటమునకు వారి భాషలో క్వొల్ద్‌వాక యని పేరు. చదువరికి ఆ పూట అల్లికపని లేదు, చదువుటయే అతని పని. ఆ దేశమున పల్లెప్రజలు సైతము తమ ప్రాచీన వాఙ్మయమును మఱవకుండుటకు ఈ ఆచారము గొప్పగా తోడ్పడెను. చెవి శ్రవణమునందు, చేయి పాదసేవనమునందు ఏకకాలమున నియోగింపబడిన దృశ్యమిది. మన యరుగులమీద పురాణకాలక్షేపము వినుచు ప్రత్తి ఏకి వత్తులు చేసిన మన అవ్వలకు ఆ ద్వీపపు స్త్రీలు ఎంతమాత్రమును పరాయివారు కారు.

ఇంతవఱకు చెప్పినది ఇంటికొఱకును, అమ్మకముకొఱకును అల్లిన కథ. ముఖమెఱుగని పరులకొఱకు, వెల గోరక, దేశములకు దేశములే అల్లిన కథ 1914లో మొదలైనది.

ఆ సంవత్సరము ఆగస్టులో మొదటి మహాయుద్ధము వచ్చెను. శీతకాలము వచ్చుసరికి ఫ్రాన్సు, బెల్జియములలో సేనలు ఎదురెదురుగా కందకములు త్రవ్వుకొని నిలిచిపోయినవి. ఆ నేల పల్లము. వానకును మంచుకును కందకములలో బురదనీరు మోకాళ్లదాక నిలిచెను. రోజుల తరబడి తడిబూట్లు విప్పకుండ నిలిచినవారి పాదములు మొద్దుబారి, వాచి, కుళ్లసాగినవి. దీనికి కందకపు పాదరోగమని పేరు వచ్చెను. ఆ మొదటి శీతకాలమున ఒక్క బ్రిటిషు సేనలోనే ఇరువదివేలమందికి ఈ రోగమునకు చికిత్స చేయవలసివచ్చెను. శత్రువు తుపాకి పేల్చకయే ఇంతమంది పడిపోయిరి. కాళ్లను తుడిచి ఆరబెట్టుట, తిమింగలపు నూనె మర్దించుట, దినమునకు రెండుమూడుమార్లు పొడి మేజోళ్లు మార్చుట, ఇవియే నాటి వైద్యులు చెప్పిన రక్షణలు. సైనికులను ఇద్దరిద్దరిగా జతపఱచి, ఒకని పాదములను మఱియొకడు చూచుకొనవలెనని ఆజ్ఞాపించిరి. చేతులు కొయ్యబారిన చలిలో ఒక మగవాడు సాటివాని కాళ్లు ఒడిలో పెట్టుకొని నూనె రుద్దెను. పాదసేవనమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము వేఱొకటి నేనెఱుగను.

ఆ కందకములలో మనవారును నుండిరి. లాహోరు, మీరట్ దళములు 1914 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మార్సెయి రేవులో దిగి, ఆ శీతకాలమంతయు ఫ్లాండర్సు బురదలో గడపెను. ఎండలకు అలవడిన దేహములు అవి. వారికొఱకు లండనులో భారతసైనిక సహాయనిధి యొకటి ఏర్పడి ఊలు దుస్తులను, మేజోళ్లను సేకరించి పంపెను.

మూడుపూటలు మేజోళ్లు మార్చవలెనన్న మేజోళ్లు ఎన్ని కావలెను? ఆ సెప్టెంబరులోనే కిచెనర్ ప్రభువు కోర్కెపై మేరీరాణి మూడులక్షల జతల మేజోళ్లు కావలెనని స్త్రీలకు విన్నపము చేసెను. సూదులు కదలినవి. అయితే అప్పుడే ఒక ధర్మసందేహము పుట్టెను. దానిని చెప్పక దాటిన ఈ చరిత్రకు న్యాయము జరుగదు.

యుద్ధము రాగానే ఇంగ్లండులో బట్టలు కుట్టి జీవించు పేద స్త్రీలు వేలకొలది పని కోల్పోయిరి. కలిగినింటి స్త్రీలు ఉచితముగా కుట్టి అల్లి యిచ్చినచో ఆ పేదలకు దొరకవలసిన కూలియు దొరకదుగదా అని స్త్రీకార్మికుల నాయకురాలు మేరీ మెకార్థర్ గట్టిగా ఆక్షేపించెను. ఈమె 1906లో స్త్రీకార్మికుల జాతీయ సమాఖ్యను స్థాపించినది. 1910లో గొలుసులు చేయు కార్మికస్త్రీల సమ్మెను నడపి వారి కూలిని పెంచినది. రాణి ఆమెను పిలిపించి, చెప్పినదంతయు విని, ఆ మాటలోని సత్యమును గ్రహించెను. పనిలేని స్త్రీలకు కూలియిచ్చి పని కల్పించుటకు రాణిపేరున నిధి యేర్పడెను. దానిని నడపు సంఘమునకు మెకార్థరే కార్యదర్శినియయ్యెను. ఒకరిది సింహాసనము, మఱియొకరిది సమ్మెజెండా. సూదిపని వారి నిరువురిని ఒక్కచోట కూర్చుండబెట్టినది. 1921లో మెకార్థర్ మరణించువఱకు వారి నడుమ ఆదరభావము చెడలేదు.

ఈ సంగతి నాకు చాల ముఖ్యముగా తోచును. దానము మంచిదే. కాని దాని బరువు ఎవరి పళ్లెముపై పడుచున్నదో చూడవలెను. కూలి చెల్లవలసినచోట కూలి చెల్లించి, ఆ పైన చేసినదియే దానము. జమాఖర్చులలో ఈ రెండు పద్దులను కలిపివేయరాదు.

ఇంగ్లండునుండి ఈ పని ఇతర ఖండములకు ప్రాకెను. న్యూజిలాండులో గవర్నరు భార్యయైన లివర్‌పూల్ ప్రభుపత్ని 1915లో అల్లిక పుస్తకమునే ప్రకటించెను. అమెరికా 1917లో యుద్ధమున ప్రవేశించినంతనే అచ్చటి రెడ్‌క్రాస్ సంస్థ స్త్రీలకు, పిల్లలకు, మగవారికి గూడ సూదులనందించెను. 1918లో అధ్యక్షుడు విల్సన్ శ్వేతభవనపు పచ్చికలో గొఱ్ఱెలను మేపించెను. వాని బొచ్చును వేలము వేయగా యాబదివేల డాలర్లకు మించిన ధనము రెడ్‌క్రాస్‌కు చేరెను. ఏలికవాని ముంగిట గొఱ్ఱెలు మేయుట ఈ నాటి చదువరులకు నవ్వు పుట్టింపవచ్చును గాని, ఊలుకొఱత అంతటిది.

అందఱిలో ఆస్ట్రేలియావారి లెక్క తబ్బిబ్బు గొలుపును. యుద్ధము ముగియుసరికి అచ్చటి సైనిక సహాయనిధి లెక్కకు వచ్చిన మేజోళ్లు 13,54,328 జతలు. ఒక జత అల్లుటకు పదిగంటలు పట్టునని పెట్టుకొందము. నేర్పరికి కొంత తగ్గును, క్రొత్తవారికి ఎక్కువయగును. అట్లు లెక్కించిన 1,35,43,280 గంటలు. దినమునకు ఎనిమిదిగంటల చొప్పున 16,92,910 దినములు. ఒక్క మనిషి ఒక్కదినమైనను మానక అల్లినచో నాలుగువేల ఆఱువందల యేండ్లకు పైబడును. అంతటి పనిని నాలుగైదేండ్లలో ముగించినది వంటయిండ్లలో, బడులలో, చర్చి మందిరములలో గుంపులుగా కూర్చున్న సామాన్యులు. ఈ పద్దులో జతల సంఖ్య కలదు. ఆ గంటలలో ఎందఱు ఎందఱికి ఆప్తులైరో ఆ సంఖ్యను వ్రాయుటకు ఏ చిట్టాలోను గడి లేదు.

ఆ గంటలెట్టివో ఒక చిత్రపటమున చూడవచ్చును. గ్రేస్ కాసింగ్‌టన్ స్మిత్ అను ఆస్ట్రేలియా చిత్రకారిణి 1915లో తన చెల్లెలు మేజోడు అల్లుచుండగా చిత్రించెను. అది నేడు సిడ్నీలోని చిత్రశాలలో నున్నది. ఆ చిత్రమున తుపాకి లేదు, జెండా లేదు. తలవంచి చేతులలోని ఉచ్చులను లెక్కించుకొను యువతి మాత్రమే యున్నది. ఆస్ట్రేలియాలో నవీన చిత్రకళకు నాంది పలికిన కృతులలో దాని నెన్నుదురు. యుద్ధకాలమును చూపుటకు ఆమెకు అల్లుచున్న చేతులు చాలినవి.

మేజోడు అల్లువారి కష్టములలో కష్టము కొలత. ఆ పాదము ఎదుట లేదు. ఎవరిదో తెలియదు. ఇంగ్లీషు నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1927లో ప్రకటించిన నవలలో ఒక తల్లి సముద్రదీపస్తంభపు కావలివాని రోగిష్ఠి కుమారునికి మేజోడు అల్లుచు, దానిని తన బిడ్డ కాలికి పెట్టి కొలత చూచును. అది కల్పిత కథయే. కాని అందలి సత్యము సర్వత్ర కలదు. చూడని బిడ్డ పాదమును కొలుచుటకు మనకు చేతనున్న కొలమానము మన బిడ్డ పాదమే. యుద్ధకాలమున అల్లిన తల్లులలో అనేకుల బిడ్డలు యుద్ధభూమిలోనే యుండిరి. తాను అల్లినది తన బిడ్డకే చేరునన్న నమ్మకము లేదు. ఎవరి బిడ్డకో చేరును. తన బిడ్డకు మఱియొక తల్లి అల్లినది చేరును. ఈ నమ్మకముపైననే ఆ పని సాగెను.

కొందఱు అల్లినవారు మేజోటి కొనలో చిన్న చీటీ వ్రాసి దాచెడివారు. క్షేమము కోరు నాలుగుమాటలు, తమ పేరు, ఊరు. తొడుగబోవు సైనికుని వ్రేళ్లకు ఆ కాగితము తగిలెడిది. కొందఱు జాబులు వ్రాసిరి. ఇట్లు సముద్రముల కావల చెలిమి చిగిర్చిన సందర్భములును గలవు. అయినను అంతకంటె దృఢమైనది ప్రక్క ప్రక్కన కూర్చున్నవారి చెలిమి. దానికి కారణము ఆ పని యొక్క స్వభావమునందే కలదు. అల్లువానికి చేతులు పనిలోనుండును గాని నోరును చెవులును తెఱపిగా నుండును. గొట్టమల్లునప్పుడు మాటలు సాగును. మడమకడ లెక్క వచ్చినప్పుడు అందఱును మౌనము వహింతురు. ఆ మౌనము ఎవరికిని బరువుగా తోచదు. ఎదుటివాని ముఖమును తదేకముగా చూడవలసిన పనిలేదు కనుక బిడియస్థులు సైతము మనసులోని మాట చెప్పగలరు. నేర్చినవారు నేర్వనివారి తప్పు ఉచ్చులను విప్పి మరల ఎక్కించి యిత్తురు. అక్కడ గురుశిష్యభావము పుట్టును గాని గర్వము పుట్టదు. ఉత్తరము రాని ఇంటి స్త్రీ ఊరకుండలేదు, ఏడ్చుచు కూర్చుండలేదు. సూదులు చేతబట్టి నలుగురిలో కూర్చుండగలదు. ఆమెను ఎవరును ఏమియు అడుగ నక్కఱలేదు. ప్రక్కన చోటిచ్చిన చాలును.

ఇట్టి సూదిపని చెలిమికి మన దేశచరిత్రలోనే మహోదాహరణము కలదు. 1914 ఆగస్టులో గాంధీజీ దక్షిణాఫ్రికానుండి లండను చేరిరి. క్షతగాత్రుల సేవకై భారతీయులతో ఒక దళమును కూర్చు ప్రయత్నములో నుండిరి. హైదరాబాదున పుట్టి, 1898లో గోవిందరాజులు నాయుడుగారిని పెండ్లాడిన సరోజినీదేవిగారు అప్పుడు లండనులోనే యుండిరి. లైసియం అను స్త్రీల సంఘము సైనికులకు బట్టలు సిద్ధపఱచు పనిని చేపట్టగా, అందు సభ్యురాలైన ఆమె పూర్ణోత్సాహముతో పాటుపడిరి. ఆమె కత్తిరించిన బట్టల రాశిని గాంధీజీ ముందుంచి, వీనిని కుట్టించి తెచ్చి యీయుడని కోరిరి. ఆయన మిత్రుల సాయముతో చేతనైనన్ని కుట్టించి యిచ్చిరి. ఆమెతో తనకు అదియే తొలిపరిచయమని ఆయన ఆత్మకథలో వ్రాసికొనిరి. ఇది మేజోళ్ల అల్లిక కాదు, కుట్టుపని. కాని జాతి యొక్కటే. ఆమె చెప్పిన తొలి సందర్శనపు ముచ్చటయు ప్రసిద్ధమే. చెఱసాలనాటి కొయ్యగిన్నెలో నలిపిన టమాటాలు తినుచు నేలపై కూర్చున్న ఆ ప్రసిద్ధ నాయకుని చూచి ఆమె పకపక నవ్వెనట. ఆయనయు నవ్వి భోజనమునకు ఆహ్వానించెనట. నాడు నవ్వుతోను బట్టల మూటతోను మొదలైన ఆ స్నేహము ఉప్పుసత్యాగ్రహమును, కారాగారములను దాటి 1948 జనవరి వఱకు సాగినది. పరుల యొంటిమీది బట్టకొఱకు కలిసిన ఇద్దరు దేశమునకొఱకు కలిసి నడచిరి.

మన తెలుగునేలపై ఊలు లేకపోయినను అల్లిక కలదు. పశ్చిమ గోదావరి మండలమున నరసాపురము చుట్టుప్రక్కల పల్లెలలో స్త్రీలు ఒంటి కొక్కెపుసూదితో నూలుదారమును లేసుగా అల్లుదురు. ఈ విద్యను పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున క్రైస్తవ మిషనరీలు నేర్పిరి. అరుగులమీద పదిమంది చేరి ఆ పనిలో మునిగియుండగా వారి మాటలు, నవ్వులు, పాటలు వీధిపొడవున వినవచ్చెడివి. వారు అల్లినది సముద్రములు దాటి దొరల బల్లలను అలంకరించెను. కాని వారికి దక్కిన కూలి ఎంత స్వల్పమో మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఇంట కూర్చుండి చేయు పనియని, తీరికవేళ చేయునదియని చెప్పి, అది పనియే కాదన్నట్లు కొందఱు లెక్కకట్టిరి. మేరీ మెకార్థర్ లండనులో అడిగిన ప్రశ్న ఇచ్చటను అడుగవలసినదియే. చెలిమి యున్నదిగదా యని కూలిని తగ్గించుట తగదు. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు అల్లిన చేతికి చేరిననాడే దానికి సార్థక్యము.

1962 అక్టోబరులో చైనా దాడి జరిగినప్పుడు హిమాలయముల మీద మన జవానులలో పలువురు నూలు దుస్తులతోను, గుడ్డబూట్లతోను నిలిచిరి. ఆ వార్త విని దేశమందలి స్త్రీలు స్వెట్టరులు, మేజోళ్లు, చేతితొడుగులు అల్లి పంపిరి. ఊలు ఎన్నడును ముట్టని వేడిప్రాంతములవారు సైతము ఇరుగుపొరుగున తెలిసినవారికడ నేర్చికొని సూదులు పట్టిరి. పనిమంతురాలి చుట్టును నేర్చువారు చేరుట, ఇల్లు ఇల్లు కలియుట, ఇంగ్లండులో జరిగినదే ఇచ్చటను జరిగెను.

ఒక్క మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. మేజోళ్లు ఏ యుద్ధమును ఆపలేదు. అల్లినవారి ప్రేమ తుపాకిగుండును అడ్డలేదు. యుద్ధమును నడపువారు ఆ ప్రేమను తమ పనికి వాడుకొనిరనియు విమర్శింపవచ్చును. ఆ విమర్శ త్రోసివేయదగినది కాదు. అయినను చలిలో నిలిచిన పాదము ఏ పక్షమువానిదైనను పాదమే. దానికి నొప్పి యొక్కటే. ఆ నొప్పిని తలచి ఎక్కడనో ఒక స్త్రీ అతుకు తెలియకుండ మూయుటకు దీపముకడ కన్నులు చిట్లించుకొని శ్రమపడినదన్న సత్యమును ఏ విమర్శయు చెఱపలేదు.

ఈ చరిత్రమంతటిలో నాకు గోచరించినది ఒక్కటే. స్నేహము చేయుదమని కూర్చున్నవారికి స్నేహము అరుదుగా లభించును. ఇద్దరు కూర్చుండి, ఎదుటలేని మూడవవానికొఱకు ఒక పనిని చక్కగా చేయుచున్నప్పుడు అది పిలువకయే వచ్చును. డెంట్ పొయ్యికడను, ఐస్‌లాండు దీపముకడను, లండనులోని బట్టల రాశికడను, నరసాపురపు అరుగుమీదను జరిగినది ఇదియే. ప్రహ్లాదుడు పాదసేవనమును ముందుంచి సఖ్యమును తరువాత చెప్పుటలో లోకానుభవము గూడ నిమిడియున్నదని నాకు తోచుచున్నది.

మన గ్రంథాలయమును ఇఱువదియైదేండ్లుగా నిలిపినదియు ఇట్టి పనియే. తాను చదువబోని పుస్తకమునకు అట్టవేసినవారు, తాను కూర్చుండబోని బల్లకు కొయ్య యిచ్చినవారు, రాబోవు పిల్లలకొఱకు చందా కట్టినవారు, వీరందఱును ముఖమెఱుగని పాదములకు మేజోళ్లు అల్లినవారే. కార్యవర్గమువారికి ఒక మనవి చేయుచున్నాను. వారమున కొక సాయంకాలము గ్రంథాలయపు వసారాలో చాప పఱచి, దీపము పెట్టి, కుట్టుపనిగాని, అల్లికగాని, పూలు కట్టుటగాని, విస్తళ్లు కుట్టుటగాని చేతనున్న స్త్రీలను, పెద్దలను పిలువుడు. చదువ నేర్చిన పిల్ల యొకతె వారికి భారతమో భాగవతమో, మంచి కథయో బిగ్గరగా చదువును. అక్షరములు రానివారికి పుస్తకము చేరును. ఒంటరివారికి తోడు చేరును. దానికి అయ్యెడి ఖర్చు చాప, దీపము మాత్రమే. ఆ పద్దును సంతోషముతో వ్రాసిపెట్టుటకు నేను సిద్ధముగా నున్నాను.